ఒకే జనం, డజను పేర్లు

ప్రశ్న: జిప్సీ, హితానో, బొహెమియన్, త్సిగాన్... యూరప్‌లో ఒకే జనానికి ఇన్ని పేర్లెందుకు? వీళ్లు ఈజిప్టు వాళ్లేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కాదు. వీళ్లు రోమా ప్రజలు, వాళ్ల మూలం ఉత్తర భారతం. ఈజిప్టు మాట 15వ శతాబ్దంలో అంటుకుంది. గ్రీసులోని మెథోని రేవు పక్కన వీళ్లుండే చోటును యాత్రికులు 'చిన్న ఈజిప్టు' అనేవారు. అక్కణ్ణుంచి పడమటికి కదిలిన గుంపుల పెద్దలు 'చిన్న ఈజిప్టు దొరలం, పాపపరిహార యాత్రలో ఉన్నాం' అని చెప్పుకున్నారు. ఆ మాటకు విలువుండేది. 1425 జనవరిలో అరగాన్ (ఇప్పటి స్పెయిన్‌లోని ఒక రాజ్యం) రాజు ఐదో అల్ఫోన్సో 'చిన్న ఈజిప్టు జువాన్' పేర, దారిలో ఎవరూ అడ్డగించవద్దంటూ రక్షణపత్రం రాసిచ్చాడు. 'ఈజిప్షియన్' తల తెగి ఇంగ్లిష్‌లో జిప్సీ అయింది, స్పానిష్‌లో హితానో అయింది. ఫ్రాన్స్‌లో బొహీమియా (ఇప్పటి చెక్ దేశ ప్రాంతం) వైపునుంచి వచ్చారనుకుని బొహెమియన్లన్నారు.

త్సిగాన్, జర్మన్ త్సిగోయ్నర్, ఇటాలియన్ జింగారో వేరే గొలుసు. వీటి వేరు గ్రీకు 'అత్సింగనోయ్'. దాన్ని చాలామంది పండితులు 'అథింగనోయ్' అనే పాత మతశాఖ పేరుతో ముడిపెడతారు. ఆ పేరుకు 'ముట్టనివాళ్లు' అని అర్థం. గ్రీసులోని ఆథోస్ కొండమీది ఐవిరోన్ మఠంలో 1068 ప్రాంతంలో జార్జియన్ భాషలో రాసిన ఒక సాధువు చరిత్రలో 'అద్సింకానీ'లు కనిపిస్తారు. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి వేటతోటలో జంతువులను తినేస్తున్న క్రూరమృగాలను, మాంసంముక్కలకు మందు పెట్టి చంపింది వాళ్లే. వీళ్ల గురించిన తొలి ప్రస్తావనగా ఎక్కువమంది చూపేది దీన్నే.

ప్రశ్న: వాళ్లు తమను ఏమని పిలుచుకుంటారు? మనం ఏది రాయాలి?

జవాబు: 'రోమ్' అంటే వాళ్ల భాషలో తమవాడైన మగవాడు, భర్త. పరాయివాడు 'గాజో'. రోమ్ నగరానికీ రొమేనియాకూ దీనితో సంబంధం లేదు. సంస్కృత 'డోంబ' దీని మూలమంటారు: యూరప్‌లో డకారం రకారమైంది, ఆర్మీనియాలో లకారమై 'లోమ్' అయింది, పశ్చిమాసియాలో 'దోమ్'గా నిలిచింది. అందరూ రోమ్ అనుకోరు. జర్మనీలో సింతీ, ఫ్రాన్స్‌లో మానూష్ (మన మనుష్యుడే), స్పెయిన్‌లో నలుపనే అర్థంలో కాలే. సింతీ సింధు నుంచే వచ్చిందని తేల్చేసే రాతలను నమ్మకండి. ఆ పేరు 18వ శతాబ్దానికి గానీ కాగితాలకెక్కలేదు.

1971లో లండన్ దగ్గర జరిగిన ప్రపంచ రోమానీ మహాసభ బయటివాళ్లు పెట్టిన పేర్లను తోసిపుచ్చింది. కారణం ఉంది. నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఈ ఖైదీల చేతులమీద 'జడ్' (Z) అక్షరంతో అంకెలు పొడిచింది త్సిగోయ్నర్ (Zigeuner) పేరుతోనే. రొమేనియాలో 1850ల దాకా త్సిగాన్ అంటే బానిసే. హితానో మాత్రం స్పెయిన్‌లో వాళ్లే గర్వంగా చెప్పుకుంటారు, ఇంగ్లండ్‌లో జిప్సీ అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. తెలుగులో రాసేటప్పుడు రోమా ప్రజలు, రోమానీ భాష అంటే చాలు. ఒక్కడే అయితే రోమ్.

ప్రశ్న: మన లంబాడీలు వీళ్లేనంటారు. నిజమా?

జవాబు: ఇద్దరిదీ ఇండో-ఆర్య భాషే కాబట్టి పోలికలు దొరుకుతాయి. 'పానీ' రెండింటిలోనూ ఉంది, హిందీలోనూ ఉంది. అంకెలు అడగండి: రోమానీలో ఏడు, ఎనిమిది, తొమ్మిది 'ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా', మూడూ గ్రీకు అరువు. లంబాడీల గోర్‌బోలీకి ఆ జాడే లేదు. దాని చుట్టరికం రాజస్థానీతో. దొమ్మరి, డోంబ పేర్లు దగ్గరగా వినిపిస్తాయి నిజమే, కానీ ఒక్క పేరు పోలికతో రక్తసంబంధం కలపలేం.