పాపన్న పాటలో వినపడని ఇద్దరు ఆడవాళ్ళు

పోయిన నెల ఈ శీర్షికలో, మూడు వందల ఏళ్ళ కింద మొగలులను ఎదిరించిన సర్వాయి పాపన్న గురించి నాలుగు మాటలు రాశాను. ఇంతకు ముందెప్పుడూ రానన్ని ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు చాలదు. అందుకని అయిదు ఎంచుకున్నాను. మొదటిది నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. దానికి ఎక్కువ చోటు తీసుకుంటాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో పాపన్న ఫొటో దేవుడి పటాల పక్కనే ఉంటుంది. మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. మొన్న సెలవులకు వచ్చి, పాపన్న తన తోడబుట్టినదాన్నే దోచుకున్నాడని చరిత్ర పుస్తకంలో ఉందన్నాడు. అప్పటి నుంచి మా మామగారు వాడితో మాట్లాడటం లేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏది నమ్మాలి? (ఒక పాఠకురాలు, జనగామ)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. పాపన్న గురించి రాతలో మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఖాఫీ ఖాన్ పారశీకంలో రాసిన చరిత్రలోనిది. ఆ రాత ప్రకారం పాపన్న కల్లుగీత కులంవాడు. తోడబుట్టినది డబ్బున్న విధవరాలు. ఆమెను కొట్టి, సొమ్ము, నగలు లాక్కుని, ఆ డబ్బుతో మనుషుల్ని కూడగట్టి తరికొండ దగ్గర కోట కట్టుకున్నాడు. కథ అక్కడే మొదలవుతుంది.

ఖాఫీ ఖాన్ మొగలుల వైపు మనిషి. ఒక గీతకార్మికుడు కోట కట్టడమే ఆయనకు గిట్టని సంగతి. కాబట్టి ఆయన రాసిన ప్రతి మాటనూ తూచి చూసుకోవాలి. అయితే కోపంతో రాసినంత మాత్రాన అన్నీ కల్పించాడనీ అనలేం. మనకు నచ్చిన విషయాలు కూడా ఆయన రాసినవే కదా. షాపురం కోట సంగతి, 1708లో పీర్ల పండుగ రోజుల్లో ఓరుగల్లు మీద పడి కొల్లగొట్టిన సంగతి, మరుసటి ఏడాది హైదరాబాద్ వచ్చిన మొగలు పాదుషా బహదూర్ షాకు 14 లక్షల రూపాయలు నజరానా పెట్టి, గౌరవంగా ఖిల్లత్, అంటే పాదుషా ఇచ్చే గౌరవ వస్త్రం అందుకున్న సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. గీతగీసేవాడికి పాదుషా చేతి ఖిల్లతా అని నగరంలోని పెద్ద మనుషులు గోల పెట్టారు. చివరికి ఆ పాదుషా మనుషులే పాపన్నను పట్టుకుని 1710లో చంపారు. ఇవన్నీ ఒప్పుకుని, అదే మనిషి రాసిన ఒక్క తోడబుట్టినదాని మాట మాత్రం అబద్ధమని కొట్టేయడం నాకు న్యాయంగా అనిపించదు. ఓరుగల్లు కొల్లలో ఆడవాళ్ళనూ పిల్లలనూ కూడా పట్టుకుపోయారని అదే రాతలో ఉంది. కాజీ భార్య, కూతురు వాళ్ళలో ఉన్నారు.

ఇక మీ మామగారి పక్షాన నాలుగు మాటలు.

మా తాత గీతపని చేసేవాడు. పొద్దున్నే బల్ల మీద గీతకత్తి నూరుతుంటే ఆ చప్పుడుకే మేము లేచేవాళ్ళం. చెట్టెక్కే తాడు మోకును భుజాన వేసుకుని, కల్లు పట్టే లొట్లు తగిలించుకుని బయల్దేరేవాడు. తాటిచెట్టు మొదట్లో నిలబడి ఒకసారి పైకి చూసి, మోకును చెయ్యి పెట్టి గట్టిగా లాగి చూసుకునేవాడు. అరవై ఏళ్ళు వచ్చినా, రోజూ ఎక్కే చెట్టే అయినా, ఆ చూపు, ఆ లాగడం మానలేదు. ఆయన నోట పాపన్న పాట వినేవాణ్ణి. తల్లి కొడుకును కులవృత్తి చేసుకోమంటుంది. కొడుకు, గీతపనిలో ఏముందమ్మా, గోలకొండ మీద దెబ్బ వెయ్యాలి అంటాడు. అక్కడికి వచ్చేసరికి తాత గొంతు మారేది. జీవితమంతా చెట్టు ఎక్కి దిగినవాడికి ఆ కొడుకు మాట ఎంత కావాలో, ఆ తల్లి భయం ఎంత తెలుసో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. మీ మామగారికి ఆ ఫొటో అలాంటిదే అయి ఉంటుంది.

పాటలో ఉన్నదీ ఖాఫీ ఖాన్ రాతలో దొరకనిదీ ఇంకొకటి ఉంది. బాయిల్ అనే ఇంగ్లీషు ఆయన 1874లో అచ్చువేయించిన పాపన్న పాటలో అతని వెంట నడిచినవాళ్ళ పేర్లు వరసగా వస్తాయి. చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న, దూదేకుల పీరు, హసన్, హుస్సేన్. ఈ వరస గట్టిగా చదివి చూడండి. ఊళ్ళో పొద్దున లేస్తే మన వాకిట్లో కనపడే మనుషులే వీళ్ళు. కాజీ ఇంటి ఆడవాళ్ళను లెక్కపెట్టిన చరిత్రకారుడికి ఈ కుమ్మరి, ఈ మేదరి లెక్కలోకి రాలేదు. పాట పాడినవాళ్ళు వీళ్ళను పేరు పేరునా నిలబెట్టారు. 160 ఏళ్ళకు పైగా ఎవరూ రాయకుండానే ఈ పేర్లు నోటి మీద నిలిచాయంటే, ఆ పాట మీద నాకున్న గౌరవం ఎంతని చెప్పను!

అయితే మా తాత పాడిన పాటలో తోడబుట్టినది లేదు. పాపన్న భార్యా లేదు. ఖాఫీ ఖాన్ ఈ భార్య గురించి చెప్పిన కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె తోడబుట్టినవాడు మొగలుల కింద ఫౌజ్‌దారు, అంటే సైన్యాధికారి. అతన్ని పాపన్న షాపురం కోటలో బంధించాడు. ఆమె అన్నం గిన్నెలో ఆకురాళ్ళు దాచి అతనికి పంపింది. వాటితో సంకెళ్ళు కోసుకుని అతనూ తోటి ఖైదీలూ బయటపడి, పాపన్న లేని సమయం చూసి కోటను చేతిలోకి తీసుకున్నారు. తిరిగి వచ్చిన పాపన్న మీదికి సొంత కోట నుంచే ఫిరంగులు పేలాయి. అక్కడి నుంచి అతను మళ్ళీ నిలదొక్కుకోలేకపోయాడు.

అన్నం గిన్నె పైకెత్తినప్పుడు ఆమె చెయ్యి ఎంత వణికి ఉంటుందో అనుకుంటాను. అటు మొగుడు, ఇటు తోడబుట్టినవాడు. ఆమె పేరు నాకు ఎక్కడా దొరకలేదు. పాపన్న దోచిన తోడబుట్టినదాని పేరూ దొరకలేదు.

కాబట్టి అమ్మా, ఫొటో తియ్యకండి. అబ్బాయినీ తిట్టకండి. మామగారు తీరికగా ఉన్నప్పుడు, చాకలి సర్వన్న నుంచి హుస్సేన్ దాకా ఆ పేర్లు మనవడితో చదివించండి. తరవాత మనవణ్ణి ఆకురాయి కథ తాతకు చెప్పమనండి. వాళ్ళిద్దరూ ఏమన్నారో నాకు రాయండి, తప్పకుండా.

ప్రశ్న: పాపడు అనడం అవమానం కాదా? పాపన్న అనే రాయాలి కదా? (ఒక పాఠకుడు, భువనగిరి)

జవాబు: ఈ రోజు మనం రాసేటప్పుడు పాపన్న అనడమే మర్యాద. నేనూ అలాగే రాస్తున్నాను. పాత పాటలో మాత్రం సర్వాయి పాపడనే ఉంది. రాముడు, భీముడు అన్నప్పటి ‘డు’ అది. పాట పాడేవాళ్ళు ఆ మాట దిద్దుకోనక్కర్లేదు, తాళం తప్పుతుంది.

ప్రశ్న: ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది దేశం కోసం చేసిన పోరాటమా, పింఛను కోసమా? మా ఊళ్ళో ఈ మాట మీద కొట్టుకున్నంత పని అయింది. (ఒక పాఠకుడు, కోయిలకుంట్ల)

జవాబు: మీ ఊళ్ళో ఈ గొడవ రాకపోతేనే ఆశ్చర్యం. కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది అక్కడే, 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరితీసిందీ అక్కడే.

ఆయన కుటుంబానికి ఈస్టిండియా కుంఫిణీ ఇచ్చిన పింఛనులో ఆయన వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. ఒకప్పుడు పాలెగాళ్ళుగా పన్ను వసూలు చేసిన ఇంటివాళ్ళకు ఆ చిల్లర లెక్కపెట్టి ఇవ్వడమే పెద్ద అవమానం. దానితోపాటు కట్టుబడి మాన్యాలను కుంఫిణీ స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. తరతరాలుగా ఊరి కావలి కాసి, ఆ మాన్యం మీద బతికిన కట్టుబడి బంట్రోతులకు తిండి పోయింది. 1846లో రెడ్డి వెనక నడిచినవాళ్ళలో ఎక్కువ మంది వీళ్ళే. రెడ్డి పింఛను ఒక్కదాని కోసమే అయితే, మాన్యం పోయిన ఆ బంట్రోతులు ప్రాణాలకు తెగించి ఎందుకు నడుస్తారు? నా జవాబు ఇదే. దేశం అనే మాటను ఇప్పుడు మనం వాడే అర్థంలో వాళ్ళు వాడి ఉండరు. భూమి పోయిందన్న మంట మాత్రం వాళ్ళకు బాగా తెలుసు.

దొర కాగితాల్లో ఆయన హంతకుడు, బందిపోటు. రేనాటి పాటలో రాజు. ఉరితీశాక తల కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. 30 ఏళ్ళు! ఆ తల చూస్తూ సంతకు వెళ్ళిన పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలను వెంటబెట్టుకుని అదే గుమ్మం కింద నడిచారు. భయపెట్టడానికి వేలాడదీసిన తల కిందనే ఆ పాట పెరిగింది.

ప్రశ్న: మా పాపకు ఇక్కడి స్కూల్లో రాబిన్ హుడ్ కథ చెప్పారు. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టాడు కాబట్టి మంచి దొంగ అట. మన పాపన్నా అంతే అని చెప్పవచ్చా? (ఒక పాఠకురాలు, డల్లాస్)

జవాబు: చెప్పండి, అయితే రెండు కథల్లోనూ ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బడిలో చెప్పే రాబిన్ హుడ్ చాలాసార్లు కడిగి ఆరబెట్టిన రాబిన్ హుడ్. అతను జమీందారీ వంశంవాడు అన్నది 1598 ప్రాంతంలో లండన్ నాటకాల వాళ్ళు అంటించినది. పాత పాటల్లో అతను గొప్పింటివాడు కాదు, మామూలు రైతు స్థాయి మనిషి.

1450 ప్రాంతం నాటి రాతప్రతిలో ఒక పాట ఉంది. రాబిన్ చర్చికి వెళితే ఒక సన్యాసి గుర్తుపట్టి అధికారులకు పట్టిస్తాడు. ఆ సన్యాసి రాజుగారికి కబురు తీసుకుని వెళుతుంటే, రాబిన్ మనుషులు లిటిల్ జాన్, మచ్ దారి కాస్తారు. జాన్ సన్యాసిని చంపుతాడు. సన్యాసి వెంట చిన్న పనిపిల్లవాడు ఒకడున్నాడు. వాడు బయట చెబుతాడేమోనని మచ్ ఆ పిల్లవాణ్ణీ చంపేస్తాడు. పాట ఈ సంగతి దాచలేదు, సమర్థించనూ లేదు. చెప్పి ముందుకు వెళ్ళిపోయింది. ఆ పాట మొదట్లో ఆకులు పెద్దవై, పక్షులు కూస్తూ అడవి ఎంతో అందంగా ఉంటుంది. అంత అందమైన పాటలోనే ఆ పిల్లవాడు పడి ఉన్నాడు. తరవాతి కాలంలో పిల్లల పుస్తకాలు రాసినవాళ్ళు వాణ్ణి మెల్లగా తీసేశారు.

మీ పాప ఇంకా చిన్నదైతే ఇప్పుడే చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్ళు వచ్చాక చెప్పండి. పిల్లలు ముందు అడిగేది ఆ పిల్లవాడి గురించే.

ప్రశ్న: మా అమ్మమ్మకు ఎనభై రెండేళ్ళు. పండుగ సాయన్న పాట వచ్చు. సగం మరిచిపోయింది, పాడటానికి సిగ్గుపడుతుంది. ఎలా రాసుకోవాలి? (ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: పాలమూరులో పెద్దింటివాళ్ళను కొట్టి పేదలకు పెట్టాడని చెప్పుకునే సాయన్న పాట ఇంకా ఒకరి నోట ఉందంటే నాకు లేచి రావాలనిపిస్తోంది. రాసుకోవద్దు, ముందు రికార్డు చెయ్యండి.

ఎందుకు చెబుతున్నానో వినండి. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా తాత పాపన్న పాటను నోట్‌బుక్‌లో ఎక్కించాను. బాగున్న చరణాలే రాశాను. బూతు మాట వస్తే వదిలేశాను. అర్థం కాని మాట వస్తే నాకు తోచిన మాట పెట్టాను. ఒకచోట ఎవరో ఆడమనిషి ఏడుపు నాలుగు చరణాలు సాగింది. కథకు అడ్డమనిపించి అదీ వదిలేశాను. ఆ ఏడ్చినది తల్లా, పెళ్ళామా, దోపిడీకి గురైన తోడబుట్టినదా? ఇందాక జనగామ అమ్మకు తోడబుట్టినది పాటలో లేదని రాశాను చూడండి, నిజానికి నా నోట్‌బుక్‌లో లేదని రాయాలి. తాత పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ నాలుగు చరణాలు నా వల్ల పోయాయి.

అందుకని, ఫోను అమ్మమ్మకు దగ్గరగా, ఫ్యానుకు దూరంగా పెట్టండి. ముందు తేదీ, ఊరు, ఆమె పేరు మీరు చెప్పండి. పాడమని బలవంతం చెయ్యొద్దు. వడ్లు చెరుగుతూనో, చిక్కుళ్ళు ఒలుస్తూనో ఉన్నప్పుడు పక్కన కూర్చోండి, చేతులు ఆడితే పాట దానంతట అదే వస్తుంది. మరిచిపోయి ఆగితే అందించకండి, ఆగనివ్వండి. రెండోసారి వేరేగా పాడితే రెండూ ఉంచండి. తప్పు మాట, బూతు మాట, మీ వంశానికో కులానికో నచ్చని మాట వస్తే కూడా ఆపొద్దు. పాట అయిపోయాక, ఇది నీకు ఎవరు నేర్పారు, ఏ పని చేస్తూ పాడేవాళ్ళు అని అడగండి. దగ్గు వచ్చినా రికార్డు కట్టెయ్యకండి.

ఈ ఆదివారమే వెళ్ళండి.