స్టార్ వచ్చాక ఎన్ని గెలుపులు? లెక్క ఇలా వేయండి

మా బాస్కెట్‌బాల్ జట్టుకు పోయిన సీజన్‌లో 36 గెలుపులు, ఇప్పుడు మ్యాచ్‌కు సగటున 27 పాయింట్లు కొట్టే ఆటగాడు వచ్చాడు కాబట్టి 60 ఖాయమా అని అడిగారు. ఆ 27ని నేరుగా కలపకూడదండీ. బంతి ఒక్కటే. అతను వేసే షాట్లు నిన్నటిదాకా ఇంకెవరో వేసినవే.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పాయింట్ల తేడాతో, అంటే జట్టు కొట్టిన పాయింట్లలోంచి ప్రత్యర్థి కొట్టినవి తీసేసి, లెక్కించాలి. మ్యాచ్‌కు సగటు తేడాను 2.7తో గుణించి, 82లో సగమైన 41కి కలిపితే, సీజన్‌లోని 82 మ్యాచ్‌లలో గెలుపులు ఉజ్జాయింపుగా వస్తాయి. 36 గెలుపులంటే తేడా సుమారు మైనస్ 2. కొత్తవాడు, తను ఎవరి స్థానంలో ఆడతాడో అతనికన్నా పూర్తి మ్యాచ్ అయిన 48 నిమిషాలకు 6 పాయింట్లు మెరుగనుకోండి. 36 నిమిషాలే ఆడతాడు కాబట్టి 4.5. గాయాలు, విశ్రాంతి పోను 70 మ్యాచ్‌లు ఆడితే సగటున 3.8. తేడా ప్లస్ 1.8కి చేరుతుంది, అంటే 46 గెలుపులు. అతని జీతానికి చోటు చేయడం కోసం మంచి బెంచ్ (బదులు) ఆటగాళ్లను వదులుకుంటే అదీ తగ్గుతుంది. చాలామంది మర్చిపోయేది ఇదే.

మొదటి నెల చూసి కంగారుపడకండి. 2010–11లో, అప్పటికే వేడ్ అనే స్టార్ ఉన్న మయామీ హీట్ జట్టులో లెబ్రాన్, బాష్ అనే మరో ఇద్దరు స్టార్లు చేరినా, మొదట్లో 9 గెలుపులు, 8 ఓటములతో తడబడింది. లెబ్రాన్, వేడ్ ఇద్దరూ బంతి చేతిలో ఉంటేనే రాణించేవాళ్లు మరి. చివరికి 58 గెలిచింది.