స్టార్చ్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

బట్టలకు పెట్టే గంజిని ఇంగ్లీషులో స్టార్చ్ అంటారు, ఎందుకంటే ఆ మాటకు మూలార్థమే ‘బిరుసుగా చేయడం’. పాత ఇంగ్లీషులో ‘స్టెయార్క్’ అంటే బిరుసైన, బలమైన అని. జర్మన్‌లో ఈ చుట్టరికం ఇప్పటికీ కనిపిస్తుంది: ‘ష్టెర్కె’ అంటే బలమూ అదే, గంజీ అదే.

ముందు క్రియ పుట్టింది, ఆ పని చేసే పదార్థానికి పేరు తర్వాత అంటుకుంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఇంగ్లండ్ దొరలు మెడ చుట్టూ పళ్లెమంత మడతల కాలర్లు తొడిగేవారు. పల్చటి లినెన్ అలా నిలబడాలంటే గంజి తప్పదు మరి. వేడినీళ్లలో ఉబ్బిన పిండి దారాలకు పట్టి, ఆరాక గట్టి పొరలా బిగుసుకుంటుంది. 1564లో ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం) నుంచి లండన్ వచ్చిన ఒకావిడ డబ్బు తీసుకుని మరీ ఈ విద్య నేర్పింది!

బియ్యంలో, బంగాళదుంపలో ఉండే స్టార్చ్ పేరే బట్టల దాకా వచ్చిందని చాలామంది అనుకుంటారు. మన గంజి విషయంలో అది నిజమే, వంటింటి గంజే బట్టలకెక్కింది. ఇంగ్లీషులో మాత్రం తిరగబడింది: బట్టల గంజి పేరే తర్వాత ఆహారంలోని పిండిపదార్థానికీ వాడుకలోకి వచ్చింది.