రెండున్నర వేల ఏళ్ల నాటి చైనా తత్వం ఇప్పటి జీవితానికి పనికొస్తుందా?

ఉద్యోగం, ఈఎంఐ, ఫోన్ల మధ్య బతికేవాళ్లకు పాతకాలపు చైనా తత్వవేత్తలు కన్ఫ్యూషియస్, లావోజు చెప్పినవి దేనికి పనికొస్తాయని అడిగారు. తప్పకుండా పనికొస్తాయి. నేను ఎంబీబీఎస్ చదివింది జినాన్‌లో. కన్ఫ్యూషియస్ పుట్టిన చూఫూ కూడా అదే షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఉంది. అక్కడ కళ్లారా చూసింది చెబుతాను.

ముందు ఒక మాట. సున్‌జు యుద్ధ సూత్రాలను ఆఫీసు రాజకీయాలకు అతికించి, ఇదే చైనా తత్వం అని క్లాసులు పీకే ట్రైనర్లంటే నాకు ఒళ్లు మంట. ఇక వాట్సాప్‌లో లావోజు పేరుతో తిరిగే సూక్తుల్లో సగం ఆయన విని కూడా ఉండడు. వాటిని చూసి ఈ తత్వం మీద ఒక అభిప్రాయానికి రావద్దు.

చైనా కొత్త సంవత్సరం సెలవులకు కాలేజీ స్నేహితురాలు నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లింది. చూఫూ దగ్గర్లో చిన్న పల్లె. వాళ్ల నాన్న గోధుమ రైతు. పండగ ముందు రాత్రి అందరం బల్ల చుట్టూ కూర్చుని జియావొజు (పిండిలో కూరుపెట్టి ఉడికించే కుడుములు) తింటున్నాం. గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట వాళ్ల నాయనమ్మను కూర్చోబెట్టారు. ఆవిడకు మతిమరుపు ముదిరింది. నన్ను చూసి కొడుకును అడిగింది, "ఈ పిల్ల ఎవరింటి పిల్ల? తిన్నదా?" అని. ఆయన గిన్నె కింద పెట్టి, ఆవిడ వైపు తిరిగి, "ఇండియా నుంచి వచ్చిందమ్మా, మన పిల్ల స్నేహితురాలు, తింటోంది" అన్నాడు. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ గిన్నె కింద పెట్టాడు, మళ్లీ తిరిగాడు, మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పాడు. ఆ పూట ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో లెక్కే లేదు. నా స్నేహితురాలి తమ్ముడికి విసుగొచ్చింది. "చెప్పాం కదా నాయనమ్మా" అంటూ మొహం చిట్లించాడు. వాళ్ల నాన్న గొంతు పెంచలేదు. "సె నాన్" అన్నాడంతే. కుర్రాడు తల దించుకుని ఆవిడ గిన్నెలో ఇంకో జియావొజు వేశాడు.

అది కన్ఫ్యూషియస్ తన శిష్యుడు జిషియాతో అన్న మాట అని ఆ రాత్రి పడుకోబోయే ముందు నా స్నేహితురాలు చెప్పింది. తల్లిదండ్రులను ఎలా చూసుకోవాలని శిష్యుడు అడిగితే, "ముఖం ప్రసన్నంగా ఉంచుకోవడమే కష్టం" అన్నాడట. పనులు చేసిపెట్టడం, తిండి ముందు పెద్దవాళ్లకు పెట్టడం, ఇంత మాత్రానికే సరిపోయిందా అని కూడా అడిగాడట.

ఇప్పుడు నా ఓపీకి వచ్చే పెద్దవాళ్లను చూస్తుంటే ఇంతకంటే పనికొచ్చే మాట ఏ కౌన్సెలరూ చెప్పలేడనిపిస్తుంది. పిల్లలు స్కానింగులకు, మందులకు వెనకాడరు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో రిపోర్టులన్నీ అడిగి తెలుసుకుంటారు. కానీ ఆ ముసలాయన ఒకే మాట రెండోసారి అడిగితే పక్కన కూర్చున్న కొడుకు కసురుకుంటాడు. డిమెన్షియా ఉన్న మనిషికి ఎందుకు తిట్టారో గుర్తుండదు, తిట్టినప్పటి బాధ మాత్రం లోపల చాలాసేపు ఉండిపోతుంది. ఈ మాట నేను అటెండెంట్లకు రోజూ చెబుతూనే ఉంటాను.

చట్టంతో అయ్యే పని కాదిది. విడిగా ఉండే కుటుంబసభ్యులు తరచూ వచ్చి పెద్దవాళ్లను చూడాలని లేదా పలకరించాలని చైనా 2013లో అమల్లోకి వచ్చిన చట్టంలోనే రాసుకుంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం మనం 2007లో చేసుకున్న చట్టం ప్రకారం ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించగలదు. రాకపోకలనీ డబ్బునీ చట్టం రాబట్టగలదేమో, విసుగు లేని ముఖాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

కన్ఫ్యూషియస్ పేరు చెప్పి ఆడవాళ్లను, చిన్నవాళ్లను అణిచిపెట్టారని అంటారు. నిజమే, 1919 నాటి చైనా యువత ఆయన మీద తిరగబడటానికి కారణం అదే. అయితే తల్లిదండ్రులు తప్పు చేస్తే మెల్లగా నచ్చజెప్పమన్నది కూడా ఆయనే. ఆ మాటను పక్కన పెట్టింది తర్వాతి వాళ్లు. 1966లో రెడ్ గార్డులు (మావోను అనుసరించిన యువదళాలు) చూఫూ వచ్చి ఆయన విగ్రహాన్ని పగలగొట్టారు, ఆ వంశం వాళ్ల సమాధులు తవ్వారు. ఇంత జరిగినా, పెద్దగా చదువుకోని ఒక రైతు అన్నం తింటూ కొడుకుకు ఆయన మాటే గుర్తు చేశాడు. ఈ కాలానికి పనికిరాని మాటైతే ఏనాడో మట్టిలో కలిసిపోయేది.

చదవాలనుకుంటే కన్ఫ్యూషియస్ మాటల సంకలనం అనలెక్ట్స్ రెండో అధ్యాయంలో 5 నుంచి 8 వరకు ఉన్న భాగాలు చదవండి. తల్లిదండ్రుల గురించి నలుగురు ఒకే ప్రశ్న అడుగుతారు, నలుగురికీ నాలుగు జవాబులు. ఈఎంఐ కట్టుకుంటూ నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లయితే ఆ నలుగురిలో జియూ అనే శిష్యుడికి చెప్పింది ముందు చూడండి. తిండి కుక్కలకూ గుర్రాలకూ కూడా పెడతాం, గౌరవం లేకపోతే తేడా ఏముంది అని అడుగుతాడక్కడ. నాలుగూ కలిపినా ఒక పేజీ ఉండవు. లావోజును ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు.