జింకు ఉండాల్సిన చోట స్టీలు బోల్టు: మీ కేసు ఆ రెండో రంధ్రంలో ఉంది

ప్రశ్న: మాది కాకినాడ. ఒక మరపడవ ఉంది. నేనే సరంగుని. మా అబ్బాయి, ఇంకో ఐదుగురు కళాసీలు వేటకొస్తారు. 2024 వేట నిషేధంలో విశాఖలోని ఒక షెడ్డులో ఇంజన్ ఓవర్‌హాలింగ్ చేయించాను. మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి రూ.1,85,000 కట్టాను. బిల్లు తేదీ మే 22. ఆ షెడ్డు ఓనరు నా చిన్ననాటి స్నేహితుడు, మా ఇంట్లో అన్నం తిన్నవాడు. 2025లో బోటుకు రంగు వేయించాను కానీ ఇంజన్ విప్పలేదు. ఈ ఫిబ్రవరి నుంచి వేడెక్కుతోంది. ఇక్కడి మెకానిక్ నీళ్ల పంపు చూసి బాగుందన్నాడు. ఏప్రిల్ 15న వేట ఆపేశాక, రెండు నెలలు ఇంజన్లో ఉప్పునీళ్లు నిలవకూడదని మంచినీళ్లతో కడగబోయాను. హీట్ ఎక్స్ఛేంజర్‌కి (సముద్రపు నీటితో ఇంజన్‌ను చల్లబరిచే భాగం) జింకు ఉండాల్సిన చోట స్టీలు బోల్టు ఉంది. లోపల గొట్టాలు తినేసి ఉన్నాయి. బాగుచెయ్యడానికి రూ.2,40,000 అవుతుందంటున్నారు. బిల్లులో జింకు కూడా రాశాడు. ఫోన్ చేస్తే ‘సీజన్ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నాడు. ఇసుకమేట తగిలిందని ఇన్సూరెన్సుకు రాసెయ్యమని తోటి బోట్ల వాళ్లు చెబుతున్నారు. స్నేహితుడై ఉండి ఇంత ద్రోహం చేసినవాణ్ణి జైలుకు పంపలేనా?

జవాబు: స్నేహం గురించీ నగల గురించీ మీ ఉత్తరంలో రెండు పేజీలున్నాయి. బిల్లు గురించి ఒక్క వాక్యం ఉంది. కేసును నిలబెట్టేది ఆ వాక్యమే. మీరు పంపిన బిల్లు ఫొటోలో మూడో వరుస చూడండి: ‘జింకు 2 నెం. రూ.1,800’. రెండు జింకులకు డబ్బు తీసుకున్నారు. ఆ వరుస లేకపోయుంటే ‘జింకు వెయ్యమని ఆయన చెప్పలేదు’ అని షెడ్డువారు ఒక్క మాటతో తప్పుకునేవారు.

జింకు అరిగిపోవడానికే పెట్టేది. సముద్రపు నీరు ఇంజన్లోని మిగతా లోహాల జోలికి పోకుండా ముందు దాన్ని తినాలి. కాబట్టి ఎదుటి వకీలు మిమ్మల్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది: ‘రెండేళ్లలో జింకు ఎన్నిసార్లు చూశావు, ఎన్నిసార్లు మార్చావు?’ ఒక్కసారీ చూడలేదని మీరే రాశారు. 2025లో బోటు రెండు నెలలు ఒడ్డున ఉన్నా విప్పలేదు. ఫిబ్రవరి నుంచి ఇంజన్ వేడెక్కుతున్నా ఏప్రిల్ దాకా వేటకు వెళ్తూనే ఉన్నారు. ఇది మీ తప్పే. ఏడుగురి ప్రాణాలు ఆ ఇంజన్ మీద ఉన్నప్పుడు ఇంత అజాగ్రత్త తగదు. పరిహారంలో కొంత కోత దీనివల్లే పడొచ్చు.

కానీ అరిగిపోవడం వేరు, అసలు పెట్టకపోవడం వేరు. కేసు తేలేది ఇక్కడే. జింకు కడ్డీని ఇత్తడి మూతకు బిగించి రంధ్రంలో పెడతారు. అది అరిగితే ఇత్తడి మూత, దానికి అంటుకుని తెల్లగా పొక్కులు కట్టిన మొండి మిగులుతాయి. జింకు మొత్తం పోయినా ఇత్తడి మూత ఉండాలి. మీకు దొరికింది స్టీలు బోల్టు. అంటే ఆ చోట జింకు పట్టే మూతే లేదు.

ఇక మీరు చేసిన పొరపాటు. ఆ బోల్టును మీరే విప్పి ఇంటికి తీసుకెళ్లారు. ఒక్క ఫొటో లేదు, పక్కన ఒక్క సాక్షి లేడు. అలాంటి బోల్టు ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుందని వాళ్లంటే మీ దగ్గర జవాబు లేదు. అదృష్టం కొద్దీ మీ ఇంజన్‌కు రెండు జింకులు. రెండో రంధ్రం ఇంకా విప్పలేదన్నారు. దాని మీద స్పానర్ పెట్టకండి, పెట్టనివ్వకండి. రంగు, తుప్పు, దాని చుట్టూ ఉన్న పాత టేపు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. పాత ఎక్స్ఛేంజర్‌ను పాత సామాను వాడికి అమ్మితే కొంత డబ్బు వస్తుందని కూడా రాశారు. ఆ పని చేస్తే కేసు అక్కడితో అయిపోయినట్టే.

షెడ్డుకు ఈ వారమే నోటీసు ఇవ్వండి. ఫలానా తేదీన, ఫలానా రేవులో, స్వతంత్ర మెరైన్ సర్వేయర్ (పడవలు, వాటి ఇంజన్లు తనిఖీ చేసే నిపుణుడు) సమక్షంలో రెండో రంధ్రం విప్పుతున్నామని, మీరు లేదా మీ మనిషి రావచ్చని రాయాలి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం. మీవైపు నుంచి పిలుపు వెళ్లి ఉండాలి. ఆ రోజు విప్పడం మొదటి నుంచి చివరిదాకా వీడియో తియ్యండి. ఆ వీడియో తీసిన ఫోన్‌ను అమ్మవద్దు, మార్చవద్దు. వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచెయ్యాలి. తీసిన భాగాలను సంచిలో పెట్టి, సీలు వేసి, సర్వేయర్ సంతకం చేయించండి. పరీక్ష అవసరమైతే వాటిని ల్యాబుకు పంపే అధికారం వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. ఫిబ్రవరిలో పంపు చూసిన మెకానిక్ దగ్గర కూడా జింకు మూతలు తాను ముట్టుకోలేదని అఫిడవిట్ తీసుకోండి. మధ్యలో ఎవరో మార్చారనే వాదనకు అదే అడ్డుకట్ట.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లు. లోపం ఏప్రిల్లో బయటపడింది కాబట్టి అప్పటి నుంచే లెక్కించాలని వాదించొచ్చు. ఆ వాదన నేనూ చేస్తాను, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోను. బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే 2026 మే 21కి రెండేళ్లు నిండుతాయి. ఈలోపే ఫిర్యాదు దాఖలు కావాలి. ‘సీజన్ అయ్యాక మాట్లాడుకుందాం’ అన్న మాట వింటే జూన్ 15న బోటు నీళ్లలోకి దిగేసరికి మీ గడువు దాటిపోతుంది. నోటీసులు రాసుకున్నా, పెద్దమనుషుల్లో కూర్చున్నా గడువు ఆగదు. ఫిర్యాదు వేశాక రాజీ కుదిరితే కమిషన్ ముందే రాసుకోవచ్చు.

షెడ్డు విశాఖలో ఉన్నా మీరుండే కాకినాడలోనే జిల్లా కమిషన్‌లో వెయ్యొచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ‘చేపల వ్యాపారం చేసేవాడు వినియోగదారుడు కాడు’ అని అభ్యంతరం తప్పకుండా వస్తుంది. మీకున్నది ఒకే బోటు అని, మీరే నడుపుతారని, ఇల్లు గడిచేది దాని మీదేనని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయించండి. రిజిస్ట్రేషన్, లైసెన్సు జతచెయ్యండి. సొంతంగా లారీ నడుపుకుని బతికేవాడు ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారుడు కాకుండా పోడని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. మీకు ఐదుగురు కళాసీలున్నారు కాబట్టి ఈ విషయం మీద పోరు గట్టిగానే ఉంటుంది. అక్కడ నిలవకపోతే సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది, 2027 మే వరకు.

ఇన్సూరెన్సు మాట మాత్రం ఇక్కడితో వదిలెయ్యండి. ఇసుకమేట తగిలిందని మీరు సంతకం పెట్టిన కాగితం ఒక్కటి బయటికొస్తే చాలు. ఇంజన్ పాడైంది ప్రమాదం వల్లనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ కాగితం చూపించి షెడ్డువారు బయటపడతారు, మీ మీద మోసం కేసు పడుతుంది. గొట్టాల్లోని తినేసిన గుంతలు చూసి, అది ఒక్క దెబ్బతో వచ్చింది కాదని ఇన్సూరెన్సు సర్వేయర్ ఇట్టే చెబుతాడు. ఈ సలహా ఇచ్చినవాళ్లెవరూ రేపు మీతో బోనెక్కరు.

జైలు సంగతి అడిగారు. మోసం కేసు నిలవాలంటే డబ్బు తీసుకున్న రోజునే దురుద్దేశం ఉందని చూపించాలి. షెడ్డులో కుర్రాడు మర్చిపోయాడని అంటే ఆ కేసు బలహీనపడుతుంది. స్టేషన్ చుట్టూ తిరిగితే మే 21 దాటిపోతుంది.

తనిఖీ అయ్యాక, రిపోర్టు చేతికి వచ్చాక ఇంజన్ బాగుచేయించి జూన్ 15కి వేటకు వెళ్లండి. తీర్పు వచ్చేదాకా బోటు ఒడ్డునే పెట్టి ఆ రోజులన్నిటికీ నష్టం అడిగితే ఇవ్వరు. నష్టాన్ని తగ్గించుకునే బాధ్యత మీదే. రిపేరు ఖర్చుకు జీఎస్టీ బిల్లు తీసుకుని, డబ్బు బ్యాంకు ద్వారానే చెల్లించండి. ఫిబ్రవరి నుంచి వేడెక్కి మధ్యలో తిరిగొచ్చిన రోజులకు నష్టం అడగాలంటే ఆ రోజుల డీజిల్ బిల్లులు, రేవులో పాట చీటీలు కావాలి. 2024 బిల్లు అసలు ప్రతి తడిసి సగం చెరిగిపోయిందన్నారు. ఆ రూ.1,85,000 మీ ఖాతాలోంచి వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ సోమవారమే తెచ్చుకోండి. నోటీసు ముసాయిదాతో పాటు అది కూడా పట్టుకుని మీ ఊరి వకీలు దగ్గరికి వెళ్లండి.