బ్రూక్లిన్ యూనియన్ గ్రౌండ్స్: ఒక కంచె, ఒక గేటు, పది సెంట్లు

ప్రశ్న: చుట్టూ కంచె కట్టి, గేటు దగ్గర డబ్బు తీసుకుని ప్రేక్షకులను లోపలికి పంపిన తొలి బేస్‌బాల్ మైదానం బ్రూక్లిన్‌లోని యూనియన్ గ్రౌండ్స్ అనీ, అది 1862లో మొదలైందనీ ఒక చోట చదివాను. మరో చోట 1858లోనే బేస్‌బాల్ చూడడానికి ప్రవేశ రుసుము వసూలు చేశారని ఉంది. రెండింటిలో ఏది సరి? ఆ మైదానం కట్టినది ఎవరు, ఎందుకు?

జవాబు: రెండూ సరైనవే. రెండూ ఒకే విషయాన్ని చెప్పడం లేదు కనుక వాటి మధ్య పేచీ లేదు. 1858లో న్యూయార్క్, బ్రూక్లిన్ నగరాల ఏరికోరిన ఆటగాళ్ల జట్లు మూడు మ్యాచ్‌లు ఆడాయి. న్యూయార్క్ రెండు, బ్రూక్లిన్ ఒకటి గెలిచాయి. అప్పటికి బ్రూక్లిన్ ఇంకా విడి నగరమే, న్యూయార్క్‌లో కలిసింది 1898లో. ఆ మ్యాచ్‌లకు వచ్చిన వారి దగ్గర డబ్బు తీసుకున్న మాట నిజం. అయితే అవి జరిగిన ఫ్యాషన్ రేస్ కోర్స్ పేరులోనే ఉన్నట్టు గుర్రప్పందేల స్థలం. బేస్‌బాల్ అక్కడికి అతిథిగా వెళ్లి, మూడు మ్యాచ్‌లు ఆడి తిరిగి వచ్చింది. ఏడాది తర్వాత ఏడాది బేస్‌బాల్ కోసమే సిద్ధంగా ఉండి, చుట్టూ కంచెతో, ఒక యజమాని లాభం కోసం నడిపిన మైదానం కావాలంటే 1862 దాకా రావలసిందే. అందువల్ల టికెట్టు ఎప్పుడు పుట్టిందని అడిగితే 1858 అనీ, మైదానం వ్యాపారంగా ఎప్పుడు మారిందని అడిగితే 1862 అనీ చెప్పుకోవచ్చు.

ఆ యజమాని పేరు విలియం కామెయర్. ఆయన ఈ స్థలాన్ని మొదట చేపట్టినది బేస్‌బాల్ మీద మోజుతో కాదు, మంచు మీద వచ్చే రాబడి కోసం. 1860ల ఆరంభంలో ఆ ప్రాంతపు నగరాలకు స్కేటింగ్ పిచ్చి బాగా పట్టింది. విలియమ్స్‌బర్గ్ ప్రాంతంలో మార్సీ అవెన్యూ, హారిసన్ అవెన్యూ, రట్లెడ్జ్ వీధి, లించ్ వీధి నాలుగు పక్కలా ఉన్న చోట కామెయర్ చలికాలంలో నీళ్లు నింపి, అవి గడ్డకట్టాక స్కేటింగ్‌కు వచ్చే వారి దగ్గర రుసుము తీసుకునేవాడు. మంచు కరిగితే ఆ రాబడి ఆగిపోతుంది. వేసవి నెలల్లో ఖాళీగా పడి ఉండే ఆ నేలను ఏం చేయాలన్న ప్రశ్నకు ఆయనకు దొరికిన సమాధానం బేస్‌బాల్. నీళ్లు తోడించి, నేల చదును చేయించి, చుట్టూ ఆరేడు అడుగుల ఎత్తున చెక్క కంచె వేయించి, ముఖ్యంగా స్త్రీలు కూర్చోవడానికి పొడవాటి బెంచీలు అమర్చాడు. స్కేటింగ్ కాలం నాటి పగోడా ఆకారపు కట్టడం ఒకటి ఉంటే దాన్ని పడగొట్టించలేదు సరికదా, మైదానం లోపలే అలా వదిలేశాడు. బంతి వెనుక పరుగెత్తే ఫీల్డర్లకు అదొక అడ్డంకి. చలికాలపు వ్యాపారానికి పనికివచ్చే కట్టడాన్ని వేసవి ఆటగాళ్ల సౌకర్యం కోసం కూల్చకపోవడంలోనే ఆయన లెక్కలు ఏ పక్కన ఉండేవో తెలుస్తుంది.

1862 మే 15న మైదానం తెరిచారు. అమెరికా అంతర్యుద్ధం రెండో సంవత్సరంలో ఉంది. బ్యాండు మేళం ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ వాయించింది. ఆ పాట అమెరికా జాతీయగీతం కావడానికి ఇంకా దాదాపు డెబ్బై ఏళ్లు పడుతుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు ఆ పాట వాయించే అలవాటుకు మూలం వెతికే వారు ఈ రోజు దగ్గరకే వస్తుంటారు. ఎక్‌ఫర్డ్, పుట్నం, కాన్‌స్టెలేషన్ అనే మూడు క్లబ్బులు ఇక్కడ ఆడుకోవడానికి ఒప్పుకున్నాయి, తొలి మ్యాచ్‌లో ఆ క్లబ్బుల ఆటగాళ్లనే కలగలిపి రెండు జట్లుగా చేశారు. మొదటి రోజు ప్రవేశం ఉచితం. ఆ తర్వాత తలకు పది సెంట్లు. లోపలికి రాని వారు చుట్టూ ఉన్న గట్ల మీద నిలబడి చూశారు. ఆరేడు అడుగుల కంచె గేటు దగ్గర డబ్బు రాబట్టడానికి సరిపోయింది కానీ గట్టెక్కిన వాడి కళ్లకు అడ్డం పడేంత ఎత్తు దానికి లేదు.

అప్పటి ఆట ఇప్పటి బేస్‌బాల్‌లా ఉండేది కాదన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. పిచ్చర్ చేయి పైకెత్తకుండా, నడుము కింది నుంచే, 45 అడుగుల దూరం నుంచి బంతి విసరాలి. చేతులకు తొడుగులు లేవు. నేల మీద ఒకసారి ఎగిరిన బంతిని పట్టుకున్నా బ్యాటర్ అవుటే. ఆ నియమం 1865 సీజను నుంచి పోయింది. ఇన్నింగ్స్ తొమ్మిదే అయినా పరుగులు డజన్ల కొద్దీ వచ్చేవి.

ఇక ఎందుకు అన్న ప్రశ్నకు కామెయర్ ఒప్పందమే జవాబు. ఆయన క్లబ్బుల దగ్గర అద్దె తీసుకోలేదు. మీరు ఊరికే ఆడుకోండి, గేటు దగ్గర వచ్చింది నాది అన్నాడు. అంతకుముందు ఖాళీ స్థలాల్లో, గుంపులు గీత దాటి మైదానంలోకి చొచ్చుకొస్తుంటే ఆడిన క్లబ్బులకు చదునైన నేల, కూర్చునే చోటు, లోపలికి ఎవరు రావాలో చూసుకునే కాపలా ఉచితంగా దొరికితే కాదనడానికి ఏముంది? జనం వస్తున్నది తమ ఆట చూడడానికేననీ, చిల్లర మాత్రం ఇంకొకరి పెట్టెలో పడుతోందనీ గ్రహించడానికి వాళ్లకు ఎంతో కాలం పట్టలేదు. వసూళ్లలో వాటా అడిగారు, కామెయర్ ఇచ్చాడు. ఈ మైదానం చరిత్రలో కంచె కన్నా పెద్ద సంగతి నా ఉద్దేశంలో ఈ వాటాయే. క్లబ్బు చేతికి గేటు డబ్బు వచ్చిందంటే దాన్ని ఎక్కడో ఖర్చు పెట్టాలి; మంచి ఆటగాడి కంటే లాభసాటి ఖర్చు మరొకటి లేదు. క్లబ్బుల జాతీయ సంఘం 1859లోనే ఆటగాళ్లకు జీతాలివ్వడాన్ని నిషేధించింది. అయినా చాటుమాటుగా చేతులు మారే డబ్బు 1860లలో పెరుగుతూనే పోయింది. ఓడలు కట్టే యార్డుల పనివారితో మొదలై, ఓడల నిర్మాత హెన్రీ ఎక్‌ఫర్డ్ పేరు పెట్టుకున్న ఎక్‌ఫర్డ్ క్లబ్బు 1862, 1863 సంవత్సరాల్లో ఛాంపియన్ అయింది. ఆ క్లబ్బులో ఆడిన ఆల్ రీచ్ 1865లో డబ్బు తీసుకుని ఫిలడెల్ఫియాకు చెందిన అథ్లెటిక్ క్లబ్బుకు వెళ్లిపోయాడు. బేస్‌బాల్ తొలి వృత్తి ఆటగాళ్లలో ఆయనను ఒకడిగా చెబుతారు.

కంచె వల్ల ఆట మర్యాదస్తుల వినోదంగా మారిందని కొందరు రాస్తారు. దాన్ని సగమే ఒప్పుకుంటాను. స్త్రీలకు బెంచీలు వేయడం, పది సెంట్లు లేని వారిని బయట ఉంచడం ఆ ఉద్దేశంతోనే జరిగాయి. కానీ కంచె పందెం రాయుళ్లను ఆపలేదు, వాళ్ల జేబులో పది సెంట్లు ఎప్పుడూ ఉంటాయి. 1865లో న్యూయార్క్‌కు చెందిన మ్యూచువల్ క్లబ్బు ఆటగాళ్లు ముగ్గురు డబ్బు తీసుకుని ఎక్‌ఫర్డ్ జట్టుకు మ్యాచ్ వదిలేసి పట్టుబడ్డారు. ఆ మ్యాచ్ జరిగినది హోబోకెన్‌లోని ఎలీసియన్ ఫీల్డ్స్‌లో. మూడేళ్లకు, 1868లో, అదే మ్యూచువల్ క్లబ్బు తన మకాం యూనియన్ గ్రౌండ్స్‌కు మార్చుకుంది.

ప్రశ్న: సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు జైత్రయాత్ర ముగిసింది యూనియన్ గ్రౌండ్స్‌లోనేనా? వృత్తి బేస్‌బాల్ మొదలయ్యాక ఈ మైదానం పాత్ర ఏమిటి?

జవాబు: కాదు, అది పక్క మైదానం ఘనత. కామెయర్ లాభం చూసి 1864లో బ్రూక్లిన్‌లోనే క్యాపిటోలిన్ గ్రౌండ్స్ అని మరొకటి వెలిసింది. పద్ధతి అదే: చలికాలం స్కేటింగ్, వేసవి బేస్‌బాల్. 1870 జూన్ 14న అక్కడ అట్లాంటిక్ క్లబ్బు 11 ఇన్నింగ్స్ ఆడి 8–7తో, అంతవరకూ వరుసగా గెలుస్తూ వచ్చిన రెడ్ స్టాకింగ్స్‌ను ఓడించింది.

యూనియన్ గ్రౌండ్స్‌కు దక్కినది అంతకు ఏడాది ముందు జరిగిన మ్యాచ్. జీతాలపై నిషేధాన్ని సంఘం 1869 సీజనుకు ఎత్తివేయగానే, సిన్సినాటి క్లబ్బు తన ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చి బరిలోకి దిగింది. సారథి హ్యారీ రైట్ ఇంగ్లండులో పుట్టినవాడు, న్యూయార్క్‌లో సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్బు తరఫున ఆడినవాడు. ఆయనకు సీజనుకు 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కు 1,400 డాలర్లు. అన్న సారథి అయినా తమ్ముడి జీతమే ఎక్కువ కావడంలో వింత లేదు, ఆ రోజుల్లో జార్జ్‌ను మించిన షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) లేడు. తూర్పు నగరాల యాత్రలో ఈ జట్టు 1869 జూన్ 15న యూనియన్ గ్రౌండ్స్‌లో మ్యూచువల్ క్లబ్బుతో ఆడి 4–2తో గెలిచింది. రెండు జట్లకూ కలిపి ఆరే పరుగులు రావడం, డజన్ల లెక్కకు అలవాటుపడిన ఆనాటి ప్రేక్షకులకు నమ్మశక్యం కాని సంగతి. ఆటను పూర్తికాలపు పనిగా పెట్టుకుంటే ఫీల్డింగ్ ఎంత పదునెక్కుతుందో వాళ్లు ఆ రోజు కళ్లారా చూశారు.

1871లో తొలి వృత్తి లీగ్, నేషనల్ అసోసియేషన్ పుట్టింది. ఆ తొలి సీజను ముగింపు యూనియన్ గ్రౌండ్స్‌లో జరగడానికి కారణం వేరే నగరంలో చెలరేగిన మంటలు. అక్టోబరులో షికాగోను కాల్చేసిన మహాగ్నిప్రమాదంలో అక్కడి వైట్ స్టాకింగ్స్ జట్టు మైదానమూ, దుస్తులూ, సామగ్రీ బుగ్గిపాలయ్యాయి. టైటిల్ పోటీలో ఉన్న ఆ జట్టు అరువు దుస్తులు తొడుక్కుని, ఇల్లు లేని జట్టుగా ఊళ్లు తిరుగుతూ మిగిలిన మ్యాచ్‌లు ఆడింది. చివరకు అక్టోబరు 30న రెండు జట్లకూ సొంతం కాని బ్రూక్లిన్‌లో, యూనియన్ గ్రౌండ్స్‌లో, అథ్లెటిక్ జట్టు 4–1తో షికాగోను ఓడించి తొలి వృత్తి లీగ్ విజేత అయింది. షికాగో ఆటగాళ్లు తమ కొలతలు కాని అరువు చొక్కాల్లో దిగిన ఆ మ్యాచ్ గురించి చదివినప్పుడల్లా, ఓడిన జట్టు మీదే నాకు అభిమానం కలుగుతుంది.

అసోసియేషన్ నడిచిన అయిదేళ్లూ మ్యూచువల్ క్లబ్బు ఇక్కడే ఆడింది, 1872లో ఎక్‌ఫర్డ్, 1873 నుంచి అట్లాంటిక్ కూడా ఇదే మైదానాన్ని వాడుకున్నాయి. 1876లో నేషనల్ లీగ్ ఏర్పడినప్పుడు న్యూయార్క్ పేరుతో అందులో చేరిన మ్యూచువల్ జట్టు నది దాటి బ్రూక్లిన్‌లోనే ఆడుతూ వచ్చింది. ఆ ఏడాది జట్టు మేనేజరు మరెవరో కాదు, మన కామెయరే. జట్టు 21 మ్యాచ్‌లు గెలిచి 35 ఓడి ఆరో స్థానంలో నిలిచింది. ఖర్చు తిరిగి రాదని తేలాక సీజను చివర పశ్చిమ నగరాలకు వెళ్లవలసిన యాత్రను ఆ జట్టు మానుకుంది, ఫిలడెల్ఫియా జట్టూ అదే పని చేసింది. లీగ్‌ను నడిపిస్తున్న విలియం హల్బర్ట్, దేశంలోని అతి పెద్ద నగరాల జట్లు కదా అని చూడకుండా, రెండింటినీ వెళ్లగొట్టించాడు. మైదానం యజమానిగా ప్రతి మ్యాచ్‌కూ లెక్క చూసుకున్న మనిషికి, పక్క జట్టు గేటు కూడా నింపవలసిన బాధ్యత తనదని లీగ్ నేర్పిన పాఠం ఖరీదైనదే అయింది. న్యూయార్క్‌కు నేషనల్ లీగ్ జట్టు మళ్లీ 1883 దాకా రాలేదు, బ్రూక్లిన్‌కైతే సొంత జట్టు 1890 దాకా లేదు.

అయినా మైదానం మాత్రం లీగ్ నుంచి వెంటనే పోలేదు. లీగ్ తొలి అధ్యక్షుడు మోర్గన్ బల్క్‌లీకి చెందిన హార్ట్‌ఫర్డ్ జట్టు, సొంత ఊరిలో జనం చాలక, 1877 సీజనును యూనియన్ గ్రౌండ్స్‌లో ఆడింది. మూడో స్థానంలో నిలిచి కూడా అది ఆ ఏడాదితోనే మూతపడింది.

ప్రశ్న: ఆ స్థలంలో ఇప్పుడు ఏముంది?

జవాబు: 1883 జులైలో కంచె, బెంచీలు తీసివేసి మైదానాన్ని చదును చేశారు. అదే ఏడాది మే నెలలో బ్రూక్లిన్‌లో వాషింగ్టన్ పార్క్ తెరుచుకుంది, నగరంలో వృత్తి బేస్‌బాల్ ఆ తర్వాత అక్కడ సాగింది. యూనియన్ గ్రౌండ్స్ నేల మీద 47వ రెజిమెంటు కోసం ఇటుకలతో పెద్ద ఆయుధాగారం కట్టారు. మార్సీ అవెన్యూ మీద ఆ కట్టడం ఇప్పటికీ ఉంది.