పాఠకుల ప్రశ్నలు: అమెరికా సర్వేల్లో మూడో మనిషి

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రెండు పెద్ద పార్టీల అభ్యర్థులకి పోటీగా స్వతంత్రంగా దిగిన రాబర్ట్ కెనడీ జూనియర్‌కి కొన్ని సర్వేల్లో 20 శాతం పైనే వచ్చిందని 2023లో చెప్పాడు. తీరా 2024 ఫలితాల్లో ఒక శాతం కూడా లేదు. ఆ సర్వేలు దొంగవా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: దొంగవి కావు. 2024 ఆగస్టు 23న ఆయన ప్రచారం ఆపేసి ట్రంప్‌ని బలపరిచారు. కానీ అప్పటికే ఆ 20 కాస్తా ఐదు దగ్గరికి జారిపోయింది. ఏడాది ముందు మూడో పేరు చెప్పేవాళ్ళలో చాలామంది ‘ఆ ఇద్దరూ వద్దు’ అంటున్నారంతే. నవంబరు దగ్గరపడితే ‘నా ఓటు వృథా అయి, అస్సలు గిట్టనివాడు గెలిస్తే?’ అన్న లెక్క మొదలవుతుంది. 1980లో ఇలాగే స్వతంత్రంగా దిగిన జాన్ ఆండర్సన్ వేసవిలో 20 శాతం దాటి, చివరికి 6.6 దగ్గర ఆగారు.

అడిగే తీరు కూడా చూడండి. పేర్లన్నీ చదివి వినిపిస్తే చిన్న అభ్యర్థి శాతం పెరుగుతుంది. పైగా ఆ పేరు అన్ని రాష్ట్రాల బ్యాలెట్‌లోనూ ఉండకపోవచ్చు. పేరు ఎక్కాలంటే ఓటర్ల సంతకాలు తేవాలి, ఆ నిబంధన ఒక్కో రాష్ట్రానికి వేరు.

ఇక నిజంగా ఓట్లు పడినా, రాష్ట్రం గెలవందే, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు (ఒక్కో రాష్ట్రానికి ఇన్నని కేటాయించినవి) రావు (మెయిన్, నెబ్రాస్కాల్లో పద్ధతి కొంచెం వేరు). 1992 జూన్ గాలప్ సర్వేలో రాస్ పెరో 39 శాతంతో బుష్ (31), క్లింటన్ (25) ఇద్దరినీ దాటేశారు. జూలైలో తప్పుకుని, అక్టోబరులో మళ్ళీ దిగి 18.9 శాతం తెచ్చుకున్నారు. ఎలక్టోరల్ ఓట్లు సున్నా! 1968లో జార్జ్ వాలెస్‌కి వచ్చింది 13.5 శాతమే, కానీ దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు గెలిచి 46 ఎలక్టోరల్ ఓట్లు పట్టుకుపోయారు. 2009లో రాష్ట్రమంతటా ఓట్లు పడినా 294లో 18 సీట్లకే ఆగిన ప్రజారాజ్యం గుర్తుంటే, ఈ లెక్క మనకి కొత్తేమీ కాదు.

ప్రశ్న: అధ్యక్ష అభ్యర్థుల టీవీ డిబేట్‌కి సర్వేల్లో 15 శాతం ఉండాలంటారు. 14 వస్తే బయటే నిలబెడతారా?
– ఒక పాఠకురాలు, మడిపాక్కం, చెన్నై

జవాబు: నిలబెడతారు. ఈ డిబేట్లు నడుపుతూ వచ్చిన డిబేట్ కమిషన్ 2000 నుంచి పెట్టిన నియమం ఇది: ఐదు జాతీయ సర్వేల సగటు 15 శాతం, పైగా గెలుపుకి కావాల్సిన 270 ఎలక్టోరల్ ఓట్లకు సరిపడా రాష్ట్రాల్లో బ్యాలెట్‌పై పేరు. 2024లో కమిషన్‌ని పక్కనపెట్టి సీఎన్ఎన్ సొంతంగా నడిపినా 15 అంకెని వదల్లేదు. నాలుగు సర్వేలు చాలంది.

చిక్కెక్కడంటే, వెయ్యి మందిని అడిగిన సర్వేలో 15 శాతానికి అటూఇటూ రెండు శాతం పైనే తేడా ఉండొచ్చు. (అందరూ చెప్పే ‘మూడు శాతం’ 50 దగ్గర ఉన్నవాళ్ళకి; ఐదు శాతం వాడికి తేడా ఒకటిన్నర లోపే.) అంటే 14కీ 16కీ మధ్య ఒక్క సర్వే ఏమీ తేల్చలేదు. సగటు తీస్తే ఈ తేడా తగ్గుతుంది కానీ, అందరూ ఒకే తప్పు చేస్తే సగటూ తప్పే. మాకైతే ఈ గీత మరీ మొండిగా తోస్తుంది.

ప్రశ్న: 2000లో ఫ్లోరిడా ఫలితాన్ని సర్వేలు ముందే పట్టగలిగేవా?
– అదే పాఠకురాలు

జవాబు: లేదు. ఆ ఏడు అధ్యక్షుడెవరో తేల్చింది ఆ రాష్ట్రమే. దాదాపు 60 లక్షల ఓట్లలో అల్ గోర్‌పై జార్జ్ డబ్ల్యూ. బుష్ (1992 నాటి బుష్ కొడుకు) ఆధిక్యం 537. గ్రీన్ పార్టీ రాల్ఫ్ నాదర్‌కి అక్కడ పడినవి 97,488. ఆయన లేకపోతే వీళ్ళలో ఎందరు అసలు ఓటేసేవారు, ఎవరికి వేసేవారు అన్నది ‘మీ రెండో ఎంపిక ఎవరు?’ అని అడిగితేనే కొంతైనా తెలుస్తుంది. చాలా సర్వేలు ఆ ప్రశ్నే వేయవు.